చందా కట్టినవాడిదా నేరం?

ఏ పత్రిక మూతపడ్డా మన దగ్గర సంతాప సభ ఒకే తీరుగా నడుస్తుంది. ముందు ఒక పెద్దాయన తన చిన్నప్పటి చందమామ ముచ్చట చెబుతాడు. ఆ తర్వాత ఇంకొకాయన లేచి ‘ఏం చేస్తాం, జనం చదవడం మానేశారు’ అంటాడు. మూడో ఆయన జేబులోంచి సెల్‌ఫోన్ తీసి ‘ఇదిగో హంతకుడు’ అని చూపిస్తాడు. అందరూ నవ్వుతారు. కాలధర్మం అని తేల్చేసి టీ తాగి ఇళ్లకు పోతారు. ఆ సభలో ఎప్పుడూ కుర్చీ దొరకని మనిషి ఒకడున్నాడు. ఏడాదికో మూడేళ్లకో ముందే డబ్బు కట్టి, రాని సంచిక కోసం ఎదురుచూసి, ఉత్తరాలు రాసి, జవాబు రాక, చివరికి పత్రిక లేదని ఎవరి నోటి వెంటో విన్న చందాదారు. చదవడం మానేసిన జనంలో అతన్నీ కలిపేస్తారు. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

నేనుండేది బస్తర్‌లో. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చుని చూసేవారికి పత్రికల చావు ఒక తీరుగా కనిపిస్తుంది, ఇక్కణ్ణుంచి చూస్తే వేరేగా కనిపిస్తుంది. అక్కడ పత్రిక ఒకరోజు ఆగిపోయింది. ఇక్కడ పదేళ్లపాటు కొంచెం కొంచెంగా ఆగింది. ముందు ఏజెంటు మానేశాడు, తర్వాత పోస్టులో రావడం తగ్గింది, ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్లు లేకుండాపోయారు, మూతపడ్డ కబురు అన్నిటికన్నా ఆఖరున వచ్చింది.

ఇక్కడి తెలుగువాళ్ల సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఓరుగల్లు ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వచ్చి బస్తర్ రాజ్యం నిలబెట్టాడన్న పాత సంబంధం ఒకటి ఎలాగూ ఉంది. దానితో ఇప్పుడు మనకు పనిలేదు. 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్‌కు రైలుమార్గం పడింది. బైలడిలా కొండల ఇనుపరాయి విశాఖ రేవుకు దిగడం, విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం మనుషులు బచేలి, కిరండూల్ క్వార్టర్లకు ఎక్కడం అప్పటినుంచే. జగదల్‌పూర్‌లో వ్యాపారాలు పెట్టుకున్నవాళ్లు కొందరు. కొంటా, భోపాలపట్నం వైపు వెళితే సంతలో బేరం తెలుగులోనే జరుగుతుంది. బడి మాత్రం హిందీలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లాడికి తెలుగు అక్షరం కంటబడేది ఒక్క పత్రికలోనే. విశాఖ వెళ్లొచ్చే ప్రతివాడి సంచిలో ఒక వారపత్రికో మాసపత్రికో ఉండేది. క్వార్టర్లలో అది ఎన్ని ఇళ్లు తిరిగేదో లెక్కలేదు. ఒక ప్రతిని పదిమంది చదివిన ఊరిని పట్టుకుని ‘మీరు చదవడం మానేశారు’ అంటే ఎలా?

నేను ఎక్కువగా మాట్లాడేది అభిరుచి పత్రికల గురించి. అవి అంటే మనకు ఇంగ్లీషులో లాగా స్టాంపులకొకటి, రైలు బొమ్మలకొకటి, కెమెరాలకొకటి ఉన్నాయనుకోకండి. మన అభిరుచులన్నీ ఉమ్మడి కుటుంబంలో బతికాయి. గళ్లనుడికట్టు, అల్లికలు, ముగ్గులు, కలంస్నేహం, వంట, మిద్దె మీద పాదులు, పాత పాటల కబుర్లు, అన్నీ వారపత్రికలో తలా ఒక పేజీ పంచుకునేవి. ప్రత్యేకంగా నిలబడ్డవీ లేకపోలేదు. సినిమా పిచ్చివాళ్లకు 1966 నుంచి విజయచిత్ర వచ్చింది. హాస్యం, సంగీతం రెండే పట్టుకుని 2001లో హాసం వచ్చింది. ఎంత ముచ్చటైన పత్రిక! ఒక పాట ఎలా పుట్టిందో రాగంతో సహా చెప్పేది. 2004లో ఆగిపోయింది. సైన్సు పిల్లలకు జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి ఉండనే ఉంది.

ఇక సెల్‌ఫోన్ హంతకుడన్న వాదన సంగతి చూద్దాం. ఏ కేసులోనైనా ముందు అడిగేది, హత్య జరిగినప్పుడు ముద్దాయి ఊళ్లో ఉన్నాడా అని. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో పెట్టిన భారతి 1991లో ఆగిపోయింది. అదే సంవత్సరం ఆంధ్రపత్రికా పోయింది. ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా 1880లో పుట్టి 1993లో పోయింది. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ మోగింది 1995 జూలై 31న. మామూలు జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది అదే ఏడాది ఆగస్టు 15న. ముద్దాయి ఇంకా పుట్టలేదు! హాసం ఆగిన 2004లో మాత్రం ఎవరి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది? చందమామ సైతం మొదటిసారి ఆగింది 1998లో, సంస్థ లోపలి చిక్కులవల్ల. 1999 చివర మళ్లీ మొదలుపెడితే పాఠకులు ఎక్కడికీ పోలేదు. ఎక్కడ వదిలారో అక్కణ్ణుంచే అందుకున్నారు.

‘సెల్ కాదులెండి, టీవీ’ అని వెంటనే మాట మారుస్తారు. సరే. దూరదర్శన్ ఊరూరా టవర్లు లేపిన కాలం 1980లలో నడిమి భాగం. సరిగ్గా 1984లోనే వేమూరి బలరాంగారు స్వాతి సపరివార పత్రికను వారపత్రికగా తెచ్చారు. అది లక్షల్లో అమ్ముడైంది. టీవీ తినేసిందంటున్న అదే పాఠకుడు వారంవారం పొద్దున్నే బడ్డీకొట్టు దగ్గర నిలబడ్డాడు. అదే దశకంలో సీరియల్ నవలల కోసం వారపత్రికల్ని చింపుకుని పంచుకుని చదివిన ఇళ్లు నాకు తెలుసు. ఆ ఇళ్లలో టీవీ కూడా ఉంది. సాయంత్రం చిత్రలహరి చూసి రాత్రి సీరియల్ చదివారు. మనిషికి ఒక కన్ను టీవీకి, ఒక కన్ను కాగితానికి అని ఎవరూ రాసిపెట్టలేదు.

యాజమాన్యాల కష్టాలు నాకు తెలియవని కాదు. కాగితం ధర పెరిగింది. దిగుమతి న్యూస్‌ప్రింట్ మీద 2019లో 10 శాతం సుంకం వేశారు, మరుసటి ఏడు సగానికి తగ్గించారు. కోవిడ్‌లో రైళ్లు ఆగాయి, ప్రకటనలు ఆగాయి. 2020 ఆగస్టులో హిందీలో కాదంబిని, నందన్ మూతపడ్డాయి. 2021లో తెలుగులో విపుల, చతుర, తెలుగువెలుగు, బాలభారతం ఆగిపోయాయి. ఇవి నిజమైన దెబ్బలు, ఒప్పుకుంటాను. కాని ఆ దెబ్బ కాచుకోవడానికి ముందుగా ఎవరిని వదిలేశారన్నదే నా ప్రశ్న. ప్రకటనదారుణ్ణి వదల్లేదు. నగరంలో స్టాలును వదల్లేదు. వదిలింది దూరపు చందాదారుణ్ణి. దానికొక ఆర్థిక కారణం ఉంది. అది వింటే ‘కాలధర్మం’ అనే మాట మీ నోట రాదు.

మన పత్రికల్లో చాలావాటికి అచ్చు ఖర్చు కవరు ధర కన్నా ఎక్కువ. అందులోంచి ఏజెంటుకు పాతిక శాతం నుంచి మూడోవంతు దాకా కమిషన్ పోవాలి. అమ్ముడుపోని ప్రతులు వెనక్కి తీసుకోవాలి. ఈ లోటంతా పూడ్చేది ప్రకటన. అంటే పత్రిక అమ్ముతున్న సరుకు కథ కాదు, గళ్లనుడికట్టు కాదు, పాఠకుడే. ప్రకటన ఇచ్చే చీరల దుకాణానికి బచేలి పాఠకురాలితో ఏం పని? ఆమె హైదరాబాద్ వచ్చి కొనదు. కాబట్టి ఆమెకు పంపే ప్రతి యాజమాన్యం లెక్కలో దండగ. ఒక ప్రతి ఎక్కువ అమ్ముడైతే నష్టం ఎక్కువయ్యే వ్యాపారంలో దూరపు పాఠకుడు మొదటి శత్రువు. ఈ లెక్క బయటికి చెప్పరు. బయటికి చెప్పేది, జనం చదవడం లేదని.

గళ్లనుడికట్టు విషయమే తీసుకోండి. నేను దానికి బానిసను కాబట్టి దగ్గరగా చెప్పగలను. పేజీ అడుగున సన్నటి అక్షరాల్లో ‘సమాధానాలు ఫలానా తేదీలోగా మా కార్యాలయానికి చేరాలి’ అని ఉండేది. సంచిక ఇక్కడికొచ్చి చుట్ట విప్పేసరికి ఆ తేదీ దాటిపోయి ఉండేది. పెన్సిలుతో గళ్లు నింపి, అడ్డం ఏడు నిలువు పన్నెండుతో కలవక తల గోక్కుని, చివరికి అంతా పూర్తిచేసి చూస్తే పంపడానికి లేదు. వచ్చే సంచికలో ‘సరైన సమాధానం పంపినవారు’ అని విజయనగరం పేర్లు, గుంటూరు పేర్లు. దూరప్రాంతాలవారికి ఇంకో వారం గడువు అని ఒక్క వాక్యం వేయడానికి పైసా ఖర్చు కాదు. ఏ పత్రికా వేయలేదు. పత్రిక తన చందాదారును ఎంతదూరం లెక్కలోకి తీసుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే కొలత అక్కర్లేదు.

చిరునామా చీటీ ఇంకో కథ. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. ఆ తర్వాత ఏళ్లు గడిచినా ఒక పత్రిక, పేరెందుకు లెండి, నాకు మధ్యప్రదేశ్ అని అచ్చేసిన చీటీతోనే వచ్చేది. మధ్యప్రదేశ్ అని ఉండి, జగదల్‌పూర్ అన్న పేరు మడతలో సగం చెరిగితే సార్టింగు కుర్రాడు ఏం చేస్తాడు? జబల్‌పూర్ సంచిలో వేస్తాడు. నా సంచికలు కొన్ని నర్మదాస్నానం చేసి, మీద రెండు ఊళ్ల ముద్రలతో, చుట్టిన చుట్ట పట్టేసి, బల్ల మీద పెట్టినా విప్పుకోని పేజీలతో వచ్చేవి. చిరునామా సరిచేయమని కార్డు రాశాను. మళ్లీ రాశాను. చీటీ మారలేదు. మారింది ఒకే ఒక్కటి, ‘మీ చందా ఈ నెలతో ముగుస్తుంది, వెంటనే పునరుద్ధరించుకోండి’ అనే ఎర్ర ముద్ర. అది మాత్రం ఏ నెలా తప్పలేదు, ఏ ఊరికీ దారి తప్పలేదు.

‘అది పోస్టువాళ్ల తప్పు’ అని కార్యాలయంలో తయారుగా ఉండే జవాబు. పోస్టుకు నేను వకాల్తా తీసుకోను, కానీ ఉన్నమాట ఉన్నట్టు చెప్పుకోవాలి. రిజిస్టరైన పత్రికలకు తపాలా శాఖ ఏళ్ల తరబడి 50 గ్రాముల దాకా పావలాకే మోసింది. పావలా! ఆ రాయితీకి షరతులున్నాయి. నికరమైన చందాదారుల జాబితా ఉండాలి, సంచికకూ సంచికకూ మధ్య 31 రోజులకు మించి వ్యవధి ఉండకూడదు. అంటే మాసపత్రిక, వారపత్రిక బాగుపడ్డాయి. ఓపికగా మూడు నెలలకొకటి తెచ్చే చిన్న అభిరుచి పత్రిక మాత్రం ఆ రాయితీకి బయటే. చిన్నవాడి నెత్తిన పెద్ద బరువు పెట్టిన ఈ నిబంధన మీద మన పెద్ద పత్రికలు ఎప్పుడైనా సంపాదకీయం రాశాయా? 2024 డిసెంబరులో పుస్తకాలకున్న చవక రిజిస్టర్డ్ బుక్‌పోస్టును చడీచప్పుడు లేకుండా తీసేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకొకటి తెచ్చారు, పాఠ్యపుస్తకాలకూ విద్యా సామగ్రికీ. వాణిజ్య ప్రకటనలుండే పత్రికకు దాన్లో చోటు లేదు. 2025లోనే రిజిస్టర్డ్ పోస్టు అనేదే స్పీడ్‌పోస్టులో కలిసిపోయింది. చిన్న పత్రిక చందాదారుకు భద్రంగా, చవకగా సంచిక చేర్చే దారులు ఇలా ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఇవన్నీ మనుషులు సంతకాలు పెట్టి తీసుకున్న నిర్ణయాలు. వీటిలో కాలధర్మం ఎక్కడుంది? ఎవరి చదువరితనం తగ్గి ఈ దారులు మూతపడ్డాయి?

ఇప్పుడు అసలు ఘట్టం, చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. 1952 నుంచి 1980లో పోయేదాకా కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ వచనాన్ని చెక్కారు. వడ్డాది పాపయ్య, చిత్ర, శంకర్ బొమ్మలు వేశారు. బస్తర్ తెలుగు పిల్లలకు అది వాచకం, పెద్దబాలశిక్ష రెండూ. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని కొనేసింది. అందరూ పండగ చేసుకున్నారు, ఇక చందమామ ప్రపంచమంతా వెలుగుతుందని. ఆ కంపెనీ విదేశీ బాండ్ల బాకీ తీర్చలేక కూలింది. 2014లో బొంబాయి హైకోర్టు దాన్ని మూసివేయమంది. అంతకుముందే చందమామ రావడం ఆగిపోయింది. ముందుగా డబ్బు కట్టిన చందాదారులకు ఆఖరి సంచిక ఇదని చెప్పినవారు లేరు. చివరికి 2016లో దాని వెబ్‌సైట్ పేరు కూడా గడువు తీరి చేజారింది.

ఇందులో పిల్లలు చందమామ చదవడం మానేసిన ఘట్టం ఏది? నేనెంత వెతికినా కనబడలేదు. బాండ్లు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు, లెక్కలు రాసినవాళ్లు, అప్పు తీర్చనివాళ్లు కనబడ్డారు. మరోవైపు చూడండి. ఆ పాత సంచికలన్నిటినీ అటకల మీంచి దించి, దుమ్ము దులిపి, పేజీ పేజీ స్కాన్ చేసి, పైసా తీసుకోకుండా పంచిపెట్టింది ఎవరు? ఈ ‘చదవడం మానేసిన’ పాఠకులే. యజమాని వదిలేసిన ఆస్తిని చందాదారు కాపాడాడు. అతనికి ఏ కోర్టూ ధన్యవాదాలు చెప్పదు. పైగా కంపెనీ దివాలా తీసినప్పుడు తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులు ముందు, పనివాళ్ల బకాయిలు వాటి సరసన, ఏ హామీ లేని బాకీదార్లు ఎక్కడో వెనకాల. చందా కట్టినవాడు ఆ వెనకాల వరసలో కూడా వెనక. మూడేళ్ల చందా అంటే పాఠకుడు యాజమాన్యానికి వడ్డీ లేకుండా ఇచ్చిన చేబదులు. ఆ మాట చందా ఫారం మీద ఎవరూ అచ్చెయ్యరు. అక్కడ ‘ఆకర్షణీయమైన రాయితీ’ అని ఉంటుంది.

‘అన్నీ నెట్‌లో ఉన్నాయి కదండీ, ఇంకా కాగితం కోసం ఏడుపెందుకు?’ అనేవారికి ఒక తేదీ చెబుతాను. వామపక్ష తీవ్రవాద ప్రాంతాలని ప్రభుత్వం పేరు పెట్టిన చోట్ల 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చాలని కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది 2022 ఏప్రిల్‌లో. బస్తర్ అప్పుడు ఆ ప్రాంతాల నడిబొడ్డున ఉండేది. 2జీలో ఒక పేజీ బొమ్మ దిగడానికి ఎంతసేపు పడుతుందో హైదరాబాదువారికి గుర్తు లేకపోవచ్చు, మాకు గుర్తుంది. నందన్, కాదంబిని పోయింది 2020లో. విపుల, చతుర ఆగింది 2021లో. టవరు మార్చాలన్న నిర్ణయం 2022లో. మార్చడం ఆ తర్వాత మాట. కాగితం ముందు తీసేసి, తెర తర్వాత ఎప్పుడో ఇస్తామన్న ఈ వరసను ‘మార్పు’ అంటున్నారు. మధ్యలో పడిన ఏళ్లలో ఇక్కడ పెరిగిన పిల్లలు ఏం చదివారు? హిందీ బడి పుస్తకం చదివారు. తెలుగు చదవడం రాకుండా పెరిగారు. ఇప్పుడు వాళ్ల చేతుల్లో 4జీ ఉంది, తెలుగు వీడియోలు చూస్తారు, తెలుగు పేజీ మాత్రం చదవలేరు. రేపు ఇంకో పత్రిక మూసేటప్పుడు వీళ్లనే చూపించి ‘చూశారా, చదివేవాళ్లు లేరు’ అంటారు.

ఇది మన తెలుగు గొడవ ఒక్కటే కాదు, అభిరుచి పత్రికలకు పెట్టింది పేరైన అమెరికాలోనూ ఇదే తంతు. ఎఫ్ ప్లస్ డబ్ల్యూ మీడియా అని అల్లికలు, నాణేలు, వడ్రంగం, రచనాకళ, ఇలా ఒక్కో అభిరుచికి ఒక్కో పత్రిక వేసిన సంస్థ 2019 మార్చిలో దివాలా కోర్టుకెక్కింది. కోర్టుకు తానే ఏం చెప్పుకుందో తెలుసా? ప్రచురణను పక్కనపెట్టి ఆన్‌లైన్‌లో నూలుండలూ సరంజామా అమ్మే వ్యాపారం మీద పడ్డామని, దానివల్ల ప్రచురణ ఇంకా త్వరగా దిగజారిందని. దొంగ తనే ఒప్పుకున్నాక కూడా మనవాళ్లు పాఠకుణ్ణే బోనెక్కిస్తారు. అదే ఏడాది డిసెంబరులో టెన్ పబ్లిషింగ్ అనే సంస్థ తన 22 మోటారు పత్రికల్లో 19 ఒక్కవేటున మూసేసింది. కారు బానెట్ ఎత్తితే లోకం మరచిపోయే మనుషులు పందొమ్మిది పత్రికల మీద ఒకేరోజు విసుగెత్తిపోయారని నమ్మమంటారా?

బతికినవాటిని చూస్తే ఇంకా స్పష్టపడుతుంది. గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వారి కల్యాణ్ 1926 నుంచి వస్తోంది. ఒక్క ప్రకటన వేయరు. జనవరిలో లావుపాటి విశేషాంకం, మిగతా నెలల్లో పలచటి సంచికలు. దాని భావజాలంతో నాకు పేచీలు చాలా ఉన్నాయి, అది వేరే వ్యాసం. కాని లెక్క చూడండి. అక్కడ పత్రికకు ఉన్న ఏకైక యజమాని చందాదారు. ప్రకటనదారు లేడు కాబట్టి ప్రకటనదారు పోయినప్పుడు పత్రిక పోలేదు. 1978లో ఆగ్రాలో మొదలైన ప్రతియోగితా దర్పణ్ ఇక్కడ ఏ చిన్న పట్నం పుస్తకాల దుకాణానికి వెళ్లినా కనబడుతుంది. కొనేది ఎవరు? సెల్‌ఫోన్ చేతిలో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రవాళ్లే. భోపాల్‌లో ఏకలవ్య సంస్థ 1985లో పిల్లల కోసం మొదలుపెట్టిన చక్‌మక్ ఇంకా అచ్చవుతోంది.

దీనికి ఒక ఎదురుమాట ఉంది, అది కొట్టిపారేయదగ్గది కాదు. భక్తి అవసరం, ఉద్యోగ పరీక్ష అవసరం, గళ్లనుడికట్టు అవసరమా అని. నిజమే, గళ్లు నింపకపోతే ఎవరూ చచ్చిపోరు. కానీ అభిరుచి ఉన్నవాడంత నమ్మకమైన కొనుగోలుదారు ఇంకెవరున్నారు? పరీక్ష రాసేవాడు ఉద్యోగం రాగానే పత్రిక మానేస్తాడు. పాత పాటల పిచ్చివాడికి పదవీ విరమణ లేదు, వయసు పెరిగేకొద్దీ పిచ్చి పెరుగుతుంది. అల్లికల డిజైను కోసం పాత సంచికల పేజీలు చింపి ట్రంకుపెట్టె అడుగున చీరల కింద దాచిన ఆడవాళ్లు బచేలిలో ఇప్పటికీ ఉన్నారు. గులాబీ రంగు గ్రాఫు గళ్లు, ఒక్కో గడికి ఒక కుట్టు, అంచున పెన్సిలు గుర్తులు. ఆ కాగితాలు మడత దగ్గర పిగిలిపోతే వెనక అన్నం మెతుకులతో అతికించుకున్నారు. వీళ్లను వదులుకోవడానికి వ్యాపారం తెలిసినవాడు సిద్ధపడడు. ప్రకటనల మత్తులో వ్యాపారం మరచినవాడు సిద్ధపడతాడు.

చందా లేనివాడు కొనుక్కునే రైల్వేస్టేషన్ పుస్తకాల షాపుల సంగతి కూడా ఒక్క ముక్కలో ముగిస్తాను. అవి మల్టీపర్పస్ స్టాళ్లయ్యాయి. నీళ్లసీసా, చిప్స్, ఫోన్ చార్జరు. పుస్తకాలు అడుగుబల్ల మీద. కనబడని చోట పెట్టి, అమ్ముడు కాలేదని తీసేశారు.

నా వాదనకు అర్థం పత్రికలన్నీ కలకాలం బతకాలని కాదు. పత్రిక మూసుకునే హక్కు యజమానికి ఉంది. మూసే పద్ధతి ఒకటుంటుంది. ఆఖరి సంచికలో ‘ఇది ఆఖరిది’ అని రాయాలి. మిగిలిన నెలల చందా లెక్కగట్టి వెనక్కి పంపాలి. పంపలేకపోతే పాత సంచికల కట్టయినా పంపాలి. మూతపడబోతున్నట్టు లోపల తెలిసి కూడా ‘మూడేళ్లకు కడితే నాలుగో ఏడు ఉచితం’ అని ఫారాలు పంచడాన్ని మాత్రం వ్యాపారం అనరు. 2024 మార్చి 1 నుంచి పత్రికల రిజిస్ట్రేషన్‌కు కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, 1867 నాటి పాత చట్టం పోయింది. ఎవరు పత్రిక పెట్టొచ్చు, ఎవరికి చెప్పాలి, ఏ లెక్కలు చూపాలి, అన్నీ రాశారు. చందాదారు ముందుగా కట్టిన సొమ్ము ఊసు ఎత్తలేదు. ఇల్లు కట్టే బిల్డరు కొనుగోలుదార్ల సొమ్ములో 70 శాతం వేరే ఖాతాలో ఉంచాలని రెరా చట్టం పెట్టినప్పుడు, చందా సొమ్ముకు అలాంటి ఖాతా ఎందుకు ఉండకూడదు? పత్రికాధిపతులు అడగరు. సంపాదకులు అడగాలి, రచయితలు అడగాలి. పారితోషికం రాక ఏడ్చే రచయితా, సంచిక రాక ఏడ్చే చందాదారూ ఒకే గుమాస్తా చుట్టూ తిరుగుతున్నారని వాళ్లకు తెలియాలి.

అందాకా చందాదార్లు చేయగలిగింది ఒకటుంది, అది చాలామందికి తెలియదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేయడానికి పత్రిక ఆఫీసున్న ఊరికి వెళ్లక్కర్లేదు. మీరు నివసించే చోటే, మీ జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు వ్యవహారానికి రుసుము లేదు. వకీలు ఉండాలన్న నియమమూ లేదు. సంచిక ఆగిన నాటినుంచి రెండేళ్లలోగా వేయాలి. కాబట్టి చందా రసీదు పారేయకండి, ఆఖరున వచ్చిన సంచిక మీది చిరునామా చీటీ చింపకండి, రాసిన ఉత్తరానికి నకలు ఉంచుకోండి. మూడు నాలుగు వందల రూపాయల కోసం ఇంత రచ్చా అని ఇంట్లోవాళ్లు అంటారు. అననివ్వండి. ఫారం నింపి వేసేయండి.